ఫిష్ ఫైండర్‌కు విడిగా లిథియం బ్యాటరీ: చాలాకాలం వాడిన మీదట

నా పడవలో ఫిష్ ఫైండరూ (నీటి అడుగున ఉన్న చేపలను తెర మీద చూపే పరికరం) జీపీఎస్సూ ఇంజిన్ బ్యాటరీ మీదే నడిచినంత కాలం, సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ రెండు తెరలూ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి వెలిగేవి. ఇందులో పరికరాల లోపమేమీ లేదు. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా పెద్ద కరెంటు లాగినప్పుడు 12 వోల్టుల బ్యాటరీ, ముఖ్యంగా పాతబడినది, క్షణకాలం 10 వోల్టుల దాకా జారిపోతుంది; ఆ వోల్టేజీ దగ్గర చాలా పరికరాలు నిలబడలేవు. అందుకే ఈ రెండింటి కోసమే 12 వోల్టుల, 20 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని విడిగా అమర్చుకున్నాను.

ఆ ఇబ్బంది అమర్చిన రోజునే పోయింది, మళ్లీ రాలేదు. ఇంజిన్ వేగం పెంచినప్పుడు తెర మీద పడే చుక్కల గీతలు కూడా దాదాపు కనుమరుగయ్యాయి. బరువు, అదే సామర్థ్యమున్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం కూడా లేదు. రెండు పరికరాలూ కలిసి ఒకటిన్నర ఆంపియర్ దాకా లాగుతాయి కాబట్టి పగలంతా నిశ్చింతగా నడుస్తాయి.

అయితే అలల్లో పడవ ఊగినప్పుడు తెర ఉన్నట్టుండి ఆరిపోవడం మాత్రం ఆగలేదు. బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ 13.2 వోల్టులు చూపింది. పరికరం వెనుక ప్లగ్గు ఊడదీసి కొలిచినా అంతే చూపింది, కానీ ఆ కొలతకు విలువ లేదు, ఎందుకంటే కరెంటు పారనప్పుడు ఒక్క రాగి పోగు మిగిలిన వైరు కూడా పూర్తి వోల్టేజీనే చూపుతుంది. తెరల వెలుగు పూర్తిగా పెంచి, పరికరాలు నడుస్తుండగానే మీటరు మొనలను తీగ పొడవునా ఒక్కొక్క అతుకుకు అటూ ఇటూ ఆనించి చూస్తే, ఫ్యూజ్ హోల్డర్ ఒక్కదాని దగ్గరే 0.9 వోల్టు పోతోందని తేలింది. ముఖ్యమైన పరికరాల తీగలలో రానూ పోనూ కలిపి 3 శాతానికి, అంటే 12 వోల్టుల మీద 0.36 వోల్టుకు మించి నష్టం ఉండకూడదు. హోల్డర్ విప్పితే లోపలి స్ప్రింగు పచ్చటి చిలుము పట్టి, కొన వద్ద నల్లబడి ఉంది. అల తాకిడికి అది కదిలినప్పుడల్లా కరెంటు తెగిపోతోంది. తగరం పూత ఉన్న రాగి తీగ, నీరు చొరని హోల్డర్, లోపల జిగురుండి వేడికి ముడుచుకుని అతుకును మూసేసే హీట్ ష్రింక్ గొట్టాలు వేశాక ఆ బాధ తీరింది.

ఈ బ్యాటరీ మీద నా ప్రధానమైన అభ్యంతరం ఇక్కడే ఉంది. లెడ్ యాసిడ్ కంటే అర వోల్టు ఎక్కువగా ఇస్తుంది కాబట్టి, తీగలో కొంత నష్టం ఉన్నా పరికరానికి సరిపడా వోల్టేజీ అందుతూనే ఉంటుంది, లోపం చాలాకాలం బయటపడదు. పాత వైరింగు మీద దీనిని తగిలించబోయేవారు ముందు లోడు మీద, అంటే పరికరాలు నడుస్తుండగా, కొలవడం మంచిది.

రెండో ఇబ్బంది, ఎంత చార్జి మిగిలిందో వోల్టేజీని బట్టి చెప్పలేము. లెడ్ యాసిడ్ నిండుగా ఉంటే సుమారు 12.7, సగానికి వస్తే 12.2 వోల్టులు చూపుతుంది. ఇది మాత్రం చాలాసేపు 13 వోల్టులకు పైనే ఉండి, చివర్లో గబగబా పడిపోతుంది, ఆపైన లోపలి రక్షణ సర్క్యూట్ ఏ హెచ్చరికా లేకుండా కరెంటు ఆపేస్తుంది. అప్పుడు మీటరు సున్నాకు దగ్గరగా చూపడంతో బ్యాటరీ చచ్చిపోయిందని పొరబడే అవకాశం ఉంది. సరైన లిథియం చార్జరు పెడితే సాధారణంగా తేరుకుంటుంది. పరికరంలోని తక్కువ వోల్టేజీ అలారాన్ని నేను 12.5 దగ్గర పెట్టుకున్నాను.

ఇతర పడవలతో, ఒడ్డుతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియోను మాత్రం దీని మీదకు మార్చలేదు. వినేటప్పుడు అర ఆంపియర్ కూడా లాగని ఆ సెట్టు, 25 వాట్లతో మాట్లాడేటప్పుడు ఐదారు ఆంపియర్లు లాగుతుంది. పైగా ఈ బ్యాటరీ చెప్పకుండా ఆగిపోయిన రోజున తెరలతోపాటు రేడియో కూడా మూగబోకూడదు కాబట్టి, దానిని ఇంజిన్ బ్యాటరీ మీదే, దాని ఫ్యూజుతో దానికి విడిగా ఉంచాను.