నియమించిన సభ మేలా, ఎన్నుకున్న సభ మేలా? బంగ్సమోరో చెప్పే లెక్క

దావావోలో ఎంబీబీఎస్ చదువుకునే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఇళ్లలో ఉన్నారు. ఆ దావావో ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవిలో ఉంది. అదే దీవిలో, పడమటి వైపు కొటబాటో అనే నగరం ఉంది. అక్కడ 2019 మార్చి నుంచి ఒక పార్లమెంటు నడుస్తోంది. స్పీకరు ఉన్నాడు, ముఖ్యమంత్రి ఉన్నాడు, బిల్లులు వస్తాయి, చర్చలు జరుగుతాయి. మొత్తం 80 సీట్లు. అయితే ఆ సీట్లలో కూర్చోవడానికి మొదట వచ్చినవాళ్లలో ఒక్కరినీ జనం ఎన్నుకోలేదు. అందరినీ మనీలాలో ఉన్న దేశాధ్యక్షుడే నియమించాడు.

దీన్ని బంగ్సమోరో ట్రాన్సిషన్ అథారిటీ అంటారు, పొట్టిగా బీటీఏ. బంగ్సమోరో అనేది అక్కడి ముస్లింల స్వయంపాలిత ప్రాంతం, బీటీఏ దాని మధ్యకాలపు సభ. 'బంగ్సా' అంటే జాతి. మలయ్ భాషలోకి ఆ మాట సంస్కృతం నుంచి వెళ్లింది, మన 'వంశ'మే అది. 'మోరో' అనేది స్పెయిన్ వాళ్లు అక్కడి ముస్లింలకు పెట్టిన పేరు. ఒకప్పుడు తిట్టులా వాడిన ఆ మాటనే వాళ్లు తమ జెండాగా చేసుకున్నారు.

ఇంతకీ ప్రశ్న ఏమిటంటే, దశాబ్దాల యుద్ధం తర్వాత ఒక ప్రాంతానికి ముస్లిం స్వయంపాలన ఇస్తామని ఒప్పందం కుదిరింది. పాత ప్రభుత్వం పోయింది, కొత్తది ఇంకా నిలదొక్కుకోలేదు. ఈ మధ్యకాలంలో కుర్చీ ఎవరికి ఇవ్వాలి? ఒక్క మనిషికా, నియమించిన సభకా, లేక వెంటనే ఎన్నికలు పెట్టేయడమా? మొదటి రెండూ ఫిలిప్పీన్స్ చేసి చూసింది. మూడోది మాత్రం వాయిదా పడుతూ వచ్చింది.

ఒక్క మనిషికి అప్పగించే పద్ధతి మనకూ తెలిసిందే. పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రాన్ని మొదట సైన్యం చేతిలో పెట్టారు. 1950లో ఐసీఎస్ అధికారి వెల్లోడిని ఢిల్లీ ముఖ్యమంత్రిని చేసింది. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల వచ్చేదాకా అదే ఏర్పాటు. దాని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, దానికో గడువుంది, ఆ గడువుకు అది ముగిసింది.

మిందనావోలో ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ నూర్ మిసువారి. మోరో నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ నాయకుడు. 1996లో అధ్యక్షుడు రామోస్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాక, అప్పటికే ఉన్న 'ఆర్మ్' అనే పాత స్వయంపాలిత ప్రాంతానికి గవర్నర్ అయ్యాడు. పోటీ లేకుండా ఎన్నికయ్యాడు కాబట్టి ఎన్నిక అనే అనాలి, కాకపోతే ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఎన్నిక. దానికి తోడు శాంతి, అభివృద్ధి మండలి అని ఇంకొకటి పెట్టి దానికీ ఆయన్నే చైర్మన్‌ని చేశారు. ఆ మండలికి అనుబంధంగా 81 మందితో ఒక సంప్రదింపుల సభ కూడా ఉండేది. చూడ్డానికి పార్లమెంటులాగే ఉంటుంది, చట్టం చేసే అధికారం మాత్రం లేదు. సలహాలు చెప్పడం వరకే. డబ్బు మనీలాలో, బాధ్యత మిసువారి నెత్తిన. 2001 నాటికి ఆయన పదవీకాలం అయిపోవచ్చింది, సొంత సంస్థలోనే చీలిక వచ్చింది, చివరికి ఆ నవంబరులో హోలో ఊళ్లో ఆయన మనుషులు మళ్లీ తుపాకులు పట్టారు. ఆయన మలేషియాకు పారిపోయి పట్టుబడ్డాడు.

అధికారం లేని సభ, అన్నిటికీ బాధ్యుడైన ఒక్క నాయకుడు: ఈ జోడీ కంటే చెడ్డ ఏర్పాటు ఇంకోటి ఉంటుందని నాకనిపించదు.

ఇదే పద్ధతి ఇంకోసారి కాస్త మెరుగ్గా పనిచేసింది. 2009లో మగిందనావో ప్రావిన్సులో 58 మందిని ఊచకోత కోశారు, వాళ్లలో 32 మంది మీడియా వాళ్లు. ఆ కేసులో ఆర్మ్ గవర్నరే నిందితుడు. ఆ గవర్నర్ కుటుంబం పట్టు తెంచాలని అధ్యక్షుడు అకీనో 2011లో అక్కడి ఎన్నికలను 2013కు వాయిదా వేయించి, ముజివ్ హతమాన్‌ను తాత్కాలిక గవర్నర్‌గా వేశాడు. సుప్రీంకోర్టు ఒప్పుకుంది. హతమాన్ జీతాల జాబితాల్లోని దొంగ పేర్లు తీయించడం లాంటి పనులు మొదలుపెట్టి, 2013లో ఓట్లతో గెలిచాడు. గడువు దగ్గర్లో ఉంది కాబట్టే ఇది నడిచిందని నా లెక్క. రెండేళ్లలో జనం ముందు నిలబడాలని తెలిసినవాడి నడక వేరుగా ఉంటుంది.

ఇక బీటీఏ సంగతి. మిసువారి సంస్థ నుంచి విడిపోయిన మోరో ఇస్లామిక్ లిబరేషన్ ఫ్రంట్, అంటే ఎంఐఎల్ఎఫ్, 2014లో ప్రభుత్వంతో సమగ్ర ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది జనవరిలో మమాసపానో దగ్గర జరిగిన కాల్పుల్లో 44 మంది కమాండో పోలీసులు చనిపోయారు. దాంతో ఆ ఒప్పందాన్ని అమలు చేసే చట్టం మూలపడింది. 2018లో గానీ ఆ చట్టం, అంటే బంగ్సమోరో ఆర్గానిక్ లా మీద అధ్యక్షుడు డ్యుతెర్తె సంతకం పడలేదు. కొత్త ప్రాంతంలో ఉంటారా అని 2019 జనవరి, ఫిబ్రవరిల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. కొటబాటో నగరం సరేనంది. పక్క ప్రావిన్సులోని 63 ఊళ్లూ సరేనన్నాయి. సులు దీవుల్లో మాత్రం ఎక్కువమంది వద్దన్నారు. పాత ఆర్మ్ మొత్తాన్నీ ఒకే యూనిట్‌గా లెక్కేయడంతో సులు కూడా లోపలే ఉండిపోయింది. ఈ ముల్లు తర్వాత గుచ్చుకుంటుంది, గుర్తుంచుకోండి.

80 మందిలో 41 మందిని ఎంఐఎల్ఎఫ్ సూచిస్తుంది, 39 మందిని ప్రభుత్వం ఎంచుకుంటుంది. నియామకం అందరికీ అధ్యక్షుడిదే. ఎంఐఎల్ఎఫ్ చైర్మన్ మురాద్ ఇబ్రహీం తాత్కాలిక ముఖ్యమంత్రి అయ్యాడు. అడవుల్లో దశాబ్దాలు గడిపిన కమాండర్లు సూట్లు వేసుకుని సభలో క్వోరం లెక్కలు చూసుకోవాల్సి వచ్చింది. వాళ్లను చూసి నవ్వుకోవడం తేలిక. కానీ తుపాకీ పట్టినవాడికి బిల్లు సవరణ ఎలా పెట్టాలో నేర్పడానికి ఇంతకంటే మంచి బడి నాకు తోచడం లేదు. ఈ పద్ధతిలో ఉన్న అసలైన లాభం ఇదే.

రెండో లాభం డబ్బు. పాత ఆర్మ్ ప్రతి ఏడాదీ మనీలా ముందు చెయ్యి చాపాలి. కొత్త ప్రాంతానికి జాతీయ పన్ను ఆదాయంలో నికరంగా 5 శాతం నేరుగా వస్తుంది, దీన్ని బ్లాక్ గ్రాంట్ అంటారు. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో సభే తేల్చుకుంటుంది. మిసువారి కాలంనాటి సంప్రదింపుల సభకూ బీటీఏకూ మధ్య నిజమైన తేడా ఇక్కడే ఉంది. పేరు గొప్పదైనా కాకపోయినా, బడ్జెట్ మీద చెయ్యి ఉన్నదే సభ. చట్టాల పని కూడా జరిగింది, నెమ్మదిగానే అయినా. పరిపాలన కోడ్, సివిల్ సర్వీస్ కోడ్, విద్యా కోడ్, 2023లో ఎన్నికల కోడ్, స్థానిక పాలన కోడ్ వచ్చాయి.

మరి వెంటనే ఎన్నికలు పెట్టేసి ఉంటే? 2019లోనే ఓటు అని ఉంటే గెలిచేది ఎవరో అక్కడ అందరికీ తెలుసు. మేయర్ పదవులు, గవర్నర్ పదవులు తరాలుగా చేతిలో ఉంచుకున్న దతు కుటుంబాలు, అంటే స్థానిక దొరల కుటుంబాలు. వాళ్లకు డబ్బుంది, మనుషులున్నారు, కొందరికి సొంత సాయుధ బలగాలున్నాయి. వంశాల మధ్య పగలకు అక్కడ 'రీదో' అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. మన సీమ ఫ్యాక్షన్ కథలు తెలిసినవాళ్లకు దాని సంగతి వివరించక్కర్లేదు. ఎంఐఎల్ఎఫ్‌కు అప్పటికి పార్టీ నడిపిన అనుభవం లేదు. ఓడిపోయిన యోధులు తుపాకీ అప్పగిస్తారా? 40,000 మంది యోధులు దశలవారీగా ఆయుధాలు వదలాలన్నది ఒప్పందం. గెలుపోటములు తేలకముందే ఆ పని కొంతైనా జరగాలనుకోవడంలో తప్పు లేదు.

అందుకే మొదటి మూడేళ్లకు నా ఓటు నియమించిన సభకే. చట్టంలో రాసిన గడువు కూడా మూడేళ్లే, 2022 మేలో ఎన్నిక.

తర్వాతే కథ అడ్డం తిరిగింది. 2021లో కోవిడ్ కారణంగా పనులు మిగిలిపోయాయంటూ మనీలాలోని కాంగ్రెస్, అంటే జాతీయ చట్టసభ, ఎన్నికను 2025 మే నెలకు వాయిదా వేసింది. 2022 ఆగస్టులో అధ్యక్షుడు మార్కోస్ కొత్త సభ్యుల జాబితా ప్రకటించాడు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ చట్టం చేసి అక్టోబరు 13 అన్నారు. అంతకు ముందే 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: సులు వద్దంది కాబట్టి సులు బంగ్సమోరోలో భాగం కాదు. ఐదేళ్లుగా లోపలున్న ప్రావిన్స్ ఒక్క తీర్పుతో బయటకు వెళ్లింది.

ఇక్కడ సీట్ల లెక్క దగ్గర్నుంచి చూడాలి. ఎన్నికైన పార్లమెంటులో 80లో 40 సీట్లు పార్టీలకు వచ్చే ఓట్ల నిష్పత్తిలో, 32 నియోజకవర్గాలకు, 8 ప్రత్యేక వర్గాలకు: మూలవాసులకు రెండు, వలసవచ్చి స్థిరపడ్డవాళ్లకు రెండు, మహిళలకు, యువతకు, సంప్రదాయ పెద్దలకు, ఉలేమాలకు (ముస్లిం మతపండితులకు) ఒక్కోటి. 32 నియోజకవర్గాల్లో 7 సులువి. సులు పోతే మిగిలేవి 25. చట్టమేమో 80 ఉండాలంటోంది. బీటీఏ ఏం చేసిందంటే, 2025 ఆగస్టులో ఒక కొత్త చట్టం తెచ్చి ఆ ఏడు సీట్లనూ మిగిలిన ఏడు ప్రాంతాలకు తలా ఒకటి పంచేసింది. లానావో దెల్ సుర్‌కు 8 కాస్తా 9, రెండు మగిందనావో ప్రావిన్సులకు 4 చొప్పున ఉన్నవి 5, బసిలాన్‌కూ తావి తావికీ 3 చొప్పున ఉన్నవి 4, కొటబాటో నగరానికి 2 ఉన్నవి 3, ఆ 63 ఊళ్లకు 1 ఉన్నది 2. పెళ్లిలో లడ్డూలు పంచినట్టు. జనాభాలో ఎక్కడ ఎంత తేడా ఉన్నా అందరికీ ఒకటే. ఎన్నిక ఇంకా రెండు నెలలు కూడా లేదు. సెప్టెంబరు చివర్లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నీ, దానికి ముందున్న నియోజకవర్గాల చట్టాన్నీ రెంటినీ కొట్టేసి, 2026 మార్చి 31లోగా ఎన్నిక జరపమంది.

ఇది కేవలం కోర్టు గొడవ కాదు. గీతలు గీస్తున్నవాళ్లు ఆ గీతల మీద పోటీ చేయబోయేవాళ్లే. ఓటరుకు జవాబు చెప్పాల్సిన అవసరం వాళ్లకు అప్పటికి ఇంకా రాలేదు. ఎన్నుకున్న సభలు కూడా నియోజకవర్గాల విషయంలో తమాషాలు చేస్తాయి, కాదనను. కానీ వాళ్లను వచ్చేసారి ఇంటికి పంపే దారి జనానికి ఉంటుంది.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది 2025 మార్చి నాటి మార్పు. మురాద్ ఇబ్రహీం పోయి అబ్దుల్‌రవూఫ్ మకాకువా ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయనా ఎంఐఎల్ఎఫ్ మనిషే, దాని సాయుధ బలగాల అధిపతిగా చేసినవాడు. సభలో అవిశ్వాసం పెట్టలేదు, ఓటింగ్ జరగలేదు. మనీలాలోని మలకన్యాంగ్ అధ్యక్ష భవనం నుంచి నియామకం వచ్చింది, అంతే. ఆర్గానిక్ లా ప్రకారం ముఖ్యమంత్రిని ఎన్నుకోవాల్సింది పార్లమెంటు సభ్యులు. దాన్ని పార్లమెంటరీ పద్ధతి అన్నదే అందుకు. మధ్యకాలంలో మాత్రం కుర్చీ ఎక్కించేదీ దించేదీ అధ్యక్షుడే. ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్లో ముఖ్యమంత్రి పేరు రావడం చూసిన మనకు ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. సీల్డ్ కవర్ వచ్చినా మన దగ్గర ఎమ్మెల్యేలు ఓట్లతో వచ్చినవాళ్లే. అక్కడ ఎమ్మెల్యేలూ కవర్లోనే వచ్చారు.

కాబట్టి నా బేరీజు ఇది. ఒక్క మనిషి పద్ధతి అత్యవసరానికి, అదీ రెండేళ్లకు మించకుండా పనికొస్తుంది. యుద్ధం నుంచి అప్పుడే బయటపడ్డ చోట మొదటి మూడేళ్లకు నియమించిన సభే అన్నిటికంటే మేలు, దాని చేతిలో బడ్జెట్ ఉంటే. మూడేళ్లు దాటాక, నియోజకవర్గాల గీతలు సరిగా లేకపోయినా సరే, ఎన్నికే మేలు. 'ఇంకా సిద్ధంగా లేరు' అనే మాట నేను నమ్మను. 2025 మే 12న అదే ఓటర్లు దేశంతోపాటు వరుసలో నిలబడి తమ మేయర్లను, గవర్నర్లను ఎన్నుకున్నారు. ఒక్క పార్లమెంటుకే ఓటు లేదు. వాయిదాల వల్ల శాంతి గట్టిపడిందా అంటే అదీ లేదు. 26,000 మందికి పైగా యోధులు ఆయుధాలు వదిలాక, తమకిచ్చిన మాటలు నిలబెట్టుకోలేదంటూ ఎంఐఎల్ఎఫ్ 2025 జులైలో మిగిలిన 14,000 మంది విషయంలో ఆ ప్రక్రియ ఆపేసింది.

ఒక్క మాట ఎంఐఎల్ఎఫ్ పక్షాన కూడా చెప్పాలి. 2021లో వాయిదా కోరింది వాళ్లే అయినా, చట్టం చేసింది మనీలా. అధ్యక్షుడికి తను నియమించిన సభతో వ్యవహారం నడపడం సుఖం, గెలిచి వచ్చిన సభతో కష్టం. ఆ సుఖం ఇద్దరికీ అలవాటైంది.

బంగ్సమోరో ఎన్నికల కోడ్‌లో ఒక చిన్న ఏర్పాటుంది. మన ఈవీఎంలో చివర ఉండే నోటా లాంటిదే, 'వీళ్లెవరూ వద్దు' అని చెప్పే గడి పార్లమెంటు బ్యాలెట్ మీద ఉండాలని. ఆ కోడ్‌ను 2023లో పాస్ చేసింది ఓటు పడకుండా వచ్చిన ఆ 80 మంది సభే.