ఆరడుగుల మినహాయింపుకు ఏడు నెలలు: మా టౌన్‌షిప్ జోనింగ్ బోర్డు సేవపై సమీక్ష

న్యూజెర్సీలో మాది కార్నర్ బిట్టు. వర్షంలోనూ మంచులోనూ తాళం తీసేలోగా తడిసిపోతున్నామని గుమ్మం నుంచి ముందుకు ఏడడుగుల మేర, పైకప్పుతో చిన్న పోర్చ్ కట్టించుకోవాలనుకున్నాము. ఉత్త మెట్లకు అభ్యంతరం లేదు కానీ కప్పు వేస్తే అది ఇంట్లో భాగమవుతుందని, వీధి హద్దు నుంచి 35 అడుగులు వదలవలసిన చోట 29 అడుగులే మిగులుతాయని, కనుక టౌన్‌షిప్ (ఊరి పాలక సంస్థ) జోనింగ్ బోర్డు నుంచి వేరియన్స్, అంటే ఆ నియమం నుంచి మినహాయింపు, తెచ్చుకోవాలని పర్మిట్ల కార్యాలయంవారు తేల్చి చెప్పారు. ఆ ఆరడుగుల కోసం మార్చిలో దరఖాస్తు పెడితే అక్టోబరులో పునాది తవ్వాము. ఈ సేవకు నేను ఐదింటికి మూడు ఇస్తాను.

ముందుగా ఫిర్యాదు. దరఖాస్తు సంపూర్ణంగా ఉందో లేదో 45 రోజులలోపు చెప్పాలని రాష్ట్ర చట్టం అంటోంది. మా టౌన్‌షిప్‌వాళ్లు నలభయ్యో రోజున, ప్లానులో స్థలం ఎంత శాతం కప్పబడుతుందో చూపే పట్టిక లేదని తిప్పి పంపారు. మొదటి వారంలోనే ఒక ఫోను చేసి ఉంటే అరగంటలో చేర్చి ఇచ్చేవాళ్లము. దరఖాస్తు రుసుముకు తోడు ఎస్క్రో అని మరికొంత ముందే జమ చేయించుకుంటారు. బోర్డు తరఫు ఇంజినీరు, న్యాయవాది మన కాగితాలు చూసినందుకు అయ్యే ఖర్చు అందులోంచి పోతుంది. మిగిలినది తిరిగి ఇస్తారు, కానీ అడిగితే తప్ప కదలదు.

రెండో ఆలస్యం మాత్రం మా స్వయంకృతమే. స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న యజమానులందరికీ విచారణకు కనీసం పది రోజుల ముందు నోటీసు అందించాలి, బహిరంగ ప్రకటన కూడా వేయించాలి. ఆ యజమానుల జాబితాను టౌన్‌షిప్ పది డాలర్లకే, చెప్పిన గడువులోనే ఇచ్చింది. నేను వేళ్లమీద లెక్కపెట్టుకుని సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరాలు వేసి, రసీదుల కట్టతో జూన్ విచారణకు వెళ్లాను. బోర్డు న్యాయవాది పైనున్న రసీదు మీద తపాలా ముద్ర చూసి, తొమ్మిది రోజులే అయ్యాయని, ఈ నోటీసుతో బోర్డుకు మా మాట వినే అధికారమే లేదని చెప్పి, జులైకి వాయిదా వేయించారు. ముప్ఫై చిల్లర ఉత్తరాలు మళ్లీ రాయవలసి వచ్చింది.

జులైలో జరిగిన విచారణకు మాత్రం పూర్తి మార్కులు వేస్తాను. మా అత్తగారి మోకాళ్ల నొప్పులు, జారే మెట్లు, వాస్తు అన్నీ చెప్పాలని నేను సిద్ధపడి వెళ్లాను. ఆర్కిటెక్టు ముందే వారించారు: చట్టం అడిగే కష్టం మనుషులది కాదు, స్థలానిది. మూలమీది స్థలానికి రెండు వీధుల వైపూ ముందుభాగంగానే లెక్క. మా 75 అడుగుల వెడల్పులో పక్క వీధివైపు 35, పొరుగింటివైపు పది వదిలేస్తే ఇంటికి మిగిలేది 30 అడుగులే; వీధి మధ్యలో ఉన్న స్థలాలకు ఈ ఇబ్బంది లేదు. ఆయన ప్రమాణం చేసి చెప్పినది ఇంతే. పొరుగువారికి గానీ ఊరి ప్రణాళికకు గానీ చెప్పుకోదగ్గ హాని లేదని కూడా చూపాలి కనుక వీధి ఫొటోలు నాలుగు పెట్టారు. ఎదురింటి పెద్దాయన మా నోటీసు చేతిలో పట్టుకుని వచ్చారు. అందులో "బోర్డు అవసరమనుకునే ఇతర మినహాయింపులు" అన్న ముక్క చూసి అద్దె వాటాలేవో కడుతున్నామని కంగారు పడ్డారట. డ్రాయింగు చూపించగానే "ఇంతేనా" అని కూర్చున్నారు. ఇరవై నిమిషాల్లో ఆమోదం వచ్చింది.

ఇంటి వాడకాన్నే మార్చే వేరియన్స్‌కైతే ఐదు ఓట్లు తప్పనిసరి. మాలాంటి కొలతల మినహాయింపుకు హాజరైనవారిలో మెజారిటీ చాలు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు, అయితే ఇల్లు కంపెనీ పేరున ఉంటే కుదరదు. ఆర్కిటెక్టు ఖర్చుకు మాత్రం వెనకాడవద్దు.

ముందు కట్టేసి తరువాత జరిమానాతో సరిచేసుకునే పద్ధతిలో పెరిగిన నాకు (2007 చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన బీపీఎస్ అనే అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకంలో మా నాన్నగారు కూడా వరుసలో నిలబడ్డారు) ఇటుక పెట్టకముందే ఇంత తతంగమా అని మొదట చిరాకేసింది. ఓటు పడ్డాక కూడా తీర్మానం ఆగస్టు సమావేశంలో లిఖితపూర్వకంగా రావాలి, దాన్ని బహిరంగంగా ప్రకటించాలి, ఆపైన ఎవరైనా కోర్టుకు వెళ్లడానికి 45 రోజుల గడువుంటుంది. ఈలోగా పని మొదలుపెట్టవచ్చు కానీ నష్టం వస్తే మనదే. కాంట్రాక్టరు తొందరపెట్టినా మేము ఆ గడువు దాటాకే గడ్డపార వేయించాము.