ఫర్ఫ్యూరాల్ టవర్‌లో ప్యాకింగ్ వేయించబోయే వారికి హెచ్చరిక

లూబ్ బేస్ ఆయిల్ (లూబ్రికెంట్లకు మూలమైన నూనె) యూనిట్లలో, ఫర్ఫ్యూరాల్ అనే సాల్వెంట్‌తో (ద్రావకంతో) నూనెలోని అక్కరలేని భాగాన్ని వేరుచేసే పాత ఆర్‌డీసీ (రొటేటింగ్ డిస్క్ కాంటాక్టర్) టవర్ల నుంచి తిరిగే డిస్కులను తొలగించి స్ట్రక్చర్డ్ ప్యాకింగ్ (క్రమంగా పేర్చిన మడతల రేకులు) వేయించాలనుకునేవారు, పర్చేజ్ ఆర్డర్ ఇచ్చే ముందు మా యూనిట్‌లో జరిగింది తెలుసుకోవాలని కోరుతున్నాను. సరఫరాదారు పేరు ఇక్కడ చెప్పడం లేదు.

అదే టవర్‌లో ఎక్కువ ఫీడ్ నడపవచ్చని, రాఫినేట్ (శుద్ధి అయిన నూనె) దిగుబడి కూడా పెరుగుతుందని మాకు హామీ ఇచ్చారు. ఆ హామీని నిరూపించే గ్యారంటీ రన్‌ను మాత్రం తేలికపాటి డిస్టిలేట్‌తో, కొత్త ఫర్ఫ్యూరాల్‌తో ముగించారు. ఆ తర్వాత బ్రైట్ స్టాక్ (బాగా చిక్కని బేస్ ఆయిల్) కోసం డీఆస్ఫాల్టెడ్ ఆయిల్ (తారు తీసేసిన బరువైన నూనె) నడిపేసరికి కావలసిన విస్కాసిటీ ఇండెక్స్ (వేడికి నూనె చిక్కదనం ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే కొలత) అందలేదు. దాన్ని అందుకోవడానికి సాల్వెంట్ నిష్పత్తి పెంచితే, సాల్వెంట్‌ను తిరిగి రాబట్టడానికి వేడిచేసే, ఏ మార్పూ చేయని పాత రికవరీ ఫర్నేస్ మీద భారం పడింది. ఫర్ఫ్యూరాల్ 162 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, కానీ అంతకు మించి బాగా వేడెక్కితే పాలిమర్‌గా, కోక్‌గా మారుతుంది; గాలి తగిలితే ఆమ్లమై లోహాన్ని తింటుంది. ఏళ్ల తరబడి తిరుగుతున్న సాల్వెంట్ ఎప్పుడూ ప్రయోగశాల సీసాలో ఉన్నంత శుభ్రంగా ఉండదు.

షట్‌డౌన్‌లో మ్యాన్‌హోల్ తెరిచి చూస్తే, నూనెను బిందువులుగా విడదీయవలసిన అడుగు డిస్ట్రిబ్యూటర్ రంధ్రాల్లో చాలా వరకు నల్లటి గట్టి మడ్డితో పూడిపోయి ఉన్నాయి. మిగిలిన రంధ్రాల నుంచి నూనె వేగంగా చిమ్మడంతో బిందువులు మరీ సన్నబడి, పైకి తేలవలసినవి ఎక్స్‌ట్రాక్ట్‌తో (అక్కరలేని భాగాన్ని కలుపుకొని దిగే సాల్వెంట్‌తో) పాటు కిందికి పోయాయి. మంచి నూనె అలా వృథా కావడం చూస్తే బాధ కలిగింది. సరఫరాదారు మాత్రం గ్యారంటీ ముగిసిందని జవాబిచ్చారు.

అందువల్ల ప్యాకింగ్ ధర కంటే ముందు డిస్ట్రిబ్యూటర్ డ్రాయింగ్ అడగండి. రంధ్రాల పరిమాణాన్ని మీరు వాడుతున్న సాల్వెంట్‌ను చూసే నిర్ణయించారా, శుభ్రం చేయడానికి దారి ఉంచారా, ముందు ఫిల్టర్ పెట్టారా అని నిలదీయండి. మీ బరువైన ఫీడ్‌తోనే, వాడకంలో ఉన్న సాల్వెంట్‌తోనే పైలట్ పరీక్ష జరిపించండి. గ్యారంటీ రన్ కనిష్ఠ, గరిష్ఠ లోడ్లు రెండింటిలోనూ, బ్రైట్ స్టాక్‌తో కూడా జరగాలనీ, అది నెగ్గేదాకా చివరి విడత సొమ్ము చెల్లించబోమనీ ఒప్పందంలోనే రాయించుకోండి. రికవరీ విభాగం సామర్థ్యాన్ని లెక్కగట్టకుండా టవర్ ఒక్కదానికే ఇచ్చే కొటేషన్‌ను, అది ఎంత చవకగా కనిపించినా, వెనక్కి పంపండి.