విక్కాలో మూడు దారులు: గురువు దగ్గరా, గుంపులోనా, ఒంటరిగానా?

“పిన్నీ, ముందు అమ్మకి చెప్పనని మాటివ్వు” అంటూ మొదలుపెట్టింది మా అక్క కూతురు. అమెరికాలో చదువుకుంటోంది, పందొమ్మిదేళ్లు. విక్కాలో చేరదామనుకుంటోందట. ఒకచోట దీక్ష ఇస్తామంటున్నారు, ఇంకోచోట ఎవరైనా రావచ్చంటున్నారు, పుస్తకాలేమో ఎవరూ అక్కర్లేదు ఇంట్లోనే చేసుకోమంటున్నాయి. ఏది మేలని అడిగింది. కొత్త మతాల గురించి నేను చదువుతుంటానని దానికి తెలుసు. ఫోన్లో గంట మాట్లాడినా సగమే చెప్పగలిగాను. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు అమ్మకి చెప్పొద్దన్న సంగతి. విక్కా వాళ్లు తమను మంత్రగత్తెలమని, మంత్రగాళ్లమని చెప్పుకుంటారు. మా అక్క చెవిన పడితే ఏమవుతుందో ఊహించగలను. మన ఊళ్లలో ఆ పేరు ఎవరూ తమకు తాము పెట్టుకోరు, పక్కవాళ్లు అంటగడతారు. బాణామతి, చేతబడి, చిల్లంగి అని అనుమానించి మనుషుల్ని చంపిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. విక్కాకూ దానికీ సంబంధం లేదు. విక్కా ఒక మతం. చాలామంది దృష్టిలో అందులో ఒక దేవి, ఒక దేవుడు ఉంటారు. పౌర్ణములకు పూజ, ఏడాదికి ఎనిమిది పండగలు. ఎవరికీ హాని లేనంతవరకు నీకు నచ్చింది చెయ్యి అన్నది ప్రధాన నియమం. నువ్వు పంపింది మూడింతలై నీకే తిరిగొస్తుందని కూడా అంటారు. “అంటే కర్మే కదా” అంది మా పిల్ల. కాదు. కర్మకు జన్మల లెక్క ఉంది, ఇది వడ్డీ లెక్కలా ఉంటుంది.

ఇది వేల ఏళ్ల నాటి మతమని ఎవరైనా చెబితే నమ్మొద్దని కూడా చెప్పాను. ఇంగ్లండ్‌లో 1735 నాటి మంత్రవిద్యల చట్టాన్ని 1951లో రద్దు చేశారు. ఆ తర్వాత 1954లో జెరాల్డ్ గార్డ్నర్ ఈ సంగతులన్నీ పుస్తకంగా వేశాడు. సిలోన్ తోటల్లో, మలయా కస్టమ్స్‌లో పనిచేసి రిటైరై వచ్చిన మనిషి. పాత మతం ఒకటి రహస్యంగా బతికి ఉందని, 1939లో ఇంగ్లండ్ దక్షిణాన న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో తనను అందులోకి తీసుకున్నారని చెప్పాడు. ఆ పాత మతం సిద్ధాంతం 1921లో మార్గరెట్ మర్రే రాసిన పుస్తకంలోది. ఇవాళ చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. కొత్తదైనంత మాత్రాన మతం కాకుండా పోదు. అమెరికాలో 1986లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు విక్కాను మతంగానే గుర్తించింది. 2007లో అక్కడి సైనికుల సమాధి రాళ్లపై విక్కా గుర్తును, అంటే వృత్తంలో ఐదు మొనల నక్షత్రాన్ని, చెక్కడానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

ఇక దారులు. మొదటిది దీక్ష దారి. గార్డ్నర్ మొదలుపెట్టిన గార్డ్నేరియన్, 1960లలో అలెక్స్ సాండర్స్ పెట్టిన అలెగ్జాండ్రియన్ ఈ కోవలోవి. దీక్ష తీసుకున్నవాళ్లే ఇంకొకరికి దీక్ష ఇవ్వాలి, పుస్తకం చదివి నేనూ గార్డ్నేరియన్ని అంటే కుదరదు. గురుపరంపర అనే మాట తెలిసిన మనకు ఇది వింతేమీ కాదు. చిన్న గుంపు, దాన్ని కవెన్ అంటారు. పదముగ్గురికి మించకూడదంటారు, చాలాచోట్ల అంతమంది కూడా ఉండరు. పెద్ద పూజారిణిదే పైమాట. దీక్షలు మూడు మెట్లు, మధ్యలో కనీసం ఏడాది మీద ఒక రోజు గడవాలన్నది ఆనవాయితీ. లోపల జరిగేది బయట చెప్పనని ఒట్టు.

ఆ లోపల జరిగేదాంట్లో చాలాభాగం ఇప్పటికే అచ్చులో ఉంది కాబట్టి చెప్పొచ్చు. అథామీ అనే నల్లపిడి కత్తితో తొమ్మిది అడుగుల వృత్తం గీస్తారు. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పును, పడమర నీళ్లను, ఉత్తరాన భూమిని పిలుస్తారు. మన దిగ్బంధనం గుర్తుకొస్తుంది గానీ, బయటిది లోపలికి రాకుండా ఆపడం ఒక్కటే ఇక్కడ పని కాదు, లోపల పుట్టిన శక్తి చెదిరిపోకుండా పట్టి ఉంచడం కూడా. ఆ తర్వాత పూజారి పూజారిణి మీదికి దేవిని ఆవాహన చేస్తాడు. చంద్రుణ్ణి దించడం అంటారు దీన్ని. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తేడా ఒకటుంది. పచ్చికుండ మీద నిలబడిన తల్లి ఏం చెబుతుందో ముందు ఎవరికీ తెలియదు. కవెన్‌లో మాత్రం దేవి పలికే మాటలు ఎక్కువగా ముందే రాసి ఉన్నవి. వాటిలో బాగా పేరుపడ్డ గద్యం రాసింది డోరీన్ వాలియెంటే. 1950లలో గార్డ్నర్ దగ్గర పూజారిణిగా ఉంది. అతను ఇచ్చిన పాఠాల్లో అలెస్టర్ క్రౌలీ అనే ఇంగ్లిష్ తాంత్రికుడి వాక్యాలు కనిపిస్తే మొహం మీదే చెప్పి, తిరగరాసింది. ఈ మతంలో నాకు అందరికన్నా నచ్చే మనిషి ఆమే.

మతంగా చూస్తే ఈ మూడింటిలో ఇదే చిక్కనిదని నా అభిప్రాయం. పదేపదే అవే మాటలు, అవే మనుషులు, అదే వృత్తం. నువ్వు దారి తప్పితే చెప్పడానికి ఒకరుంటారు. కానీ ఇదే అన్నిటికన్నా రిస్కున్న దారి కూడా. గార్డ్నేరియన్లు సంప్రదాయంగా బట్టల్లేకుండా పూజ చేస్తారు. దీక్షలో తాళ్లతో కట్టడం, కొరడాతో లాంఛనంగా తాకించడం ఉంటాయి. పైగా రహస్యపు ఒట్టు. మంచివాళ్ల చేతిలో ఇది సాధన, మంచివాళ్లు కాకపోతే ఏమవుతుందో విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంకో చిక్కు, ఆడ మగ జంట అనే ఊహ మీద మొత్తం నిలబడి ఉంటుంది. స్వలింగ ప్రేమికుల్ని ఈ సంప్రదాయంలో కొన్ని కవెన్‌లు ఆదరిస్తాయి, కొన్నిచోట్ల ఇబ్బంది పడ్డవాళ్లున్నారు.

గార్డ్నర్ కూడా ఆదర్శ గురువేం కాదు. పత్రికల్లో ప్రచారం వద్దని వాలియెంటే, ఇంకొందరు పట్టుబడితే, పాత నియమాలంటూ ఒక పట్టిక తెచ్చి చూపించాడు. వయసు మీద పడ్డ పూజారిణి చిన్నదానికి చోటిచ్చి తప్పుకోవాలన్నది అందులో ఒకటి. అవి పాతవి కావని ఆమెకు తెలిసిపోయింది. 1957లో బయటికొచ్చేసింది. మా పిల్లకు ఈ కథ రెండుసార్లు చెప్పాను.

రెండోది రిక్లెయిమింగ్. శాన్ ఫ్రాన్సిస్కోలో 1979, 80లలో స్టార్‌హాక్ అనే రచయిత్రి, ఆమె స్నేహితులు మొదలుపెట్టారు. ఇక్కడ పెద్ద పూజారిణి ఉండదు, నిర్ణయాలు అందరి సమ్మతితో జరుగుతాయి. దీక్ష ఉంది, కానీ కావాలంటేనే. దీక్ష లేనివాళ్లు కూడా పూజ నడిపించవచ్చు. ఏటా అక్టోబర్ చివర్లో వచ్చే సౌవెన్ పండగకు వందలమంది చేతులు పట్టుకుని సుడిగా తిరుగుతూ నాట్యం చేస్తారు, ఆ ఏడు పోయినవాళ్ల పేర్లు చదువుతారు. రాజకీయం ఇందులో విడదీయరాని భాగం. 1981లో డయాబ్లో కాన్యన్ అణు విద్యుత్ కేంద్రానికి అడ్డంగా కూర్చుని అరెస్టైనవాళ్లు వీళ్లు. 1997లో తమ సూత్రాలు రాసుకున్నారు. 2012లో వాటిలో దేవి, దేవుడు అన్నచోట మాట మార్చి అన్ని లింగాలకూ చోటిచ్చారు. కొత్తగా వచ్చేవాళ్లకు తలుపులు తీసే ఉంటాయి, నచ్చకపోతే వెళ్లిపోవచ్చు, ఒట్టు లేదు. మౌనంగా దేవి ముందు కూర్చోవాలనుకునే మనిషికి మాత్రం ఆ మీటింగులు, చర్చలు విసుగే.

మూడోది ఒంటరి దారి. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ ఒంటరిగా సాధన చేసేవాళ్ల కోసమే ఒక పుస్తకం రాశాడు, గురువు లేకపోయినా ఫర్వాలేదన్నాడు. ముప్ఫయ్యారేళ్లకే 1993లో పోయాడు గానీ ఆ పుస్తకం పట్టుకుని ఈ మతంలోకి వచ్చినవాళ్లు కోకొల్లలు. దీక్షాపరులు పెదవి విరుస్తారు, విచ్‌ని, అంటే మంత్రగత్తెని, ఇంకో విచ్ మాత్రమే తయారుచేయగలదంటారు. వాళ్లకు నా జవాబు మళ్లీ వాలియెంటే. గార్డ్నర్ చేత దీక్ష పొందిన ఆమే 1978లో, తనకు తానే దీక్ష తీసుకునే పద్ధతి అచ్చేసింది. మొదటి విచ్‌కి దీక్ష ఎవరిచ్చారని అడిగింది కూడా.

ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ, అమ్మకి తెలిసే అవకాశం ఇంకా తక్కువ. ఒక కొవ్వొత్తి, గిన్నెడు నీళ్లు, కాస్త ఉప్పు, సాంబ్రాణి ఉంటే చాలు. అయితే దీనికి చెదపురుగు ఒకటుంది, షాపింగ్. రాళ్లు, జోస్యం చెప్పే టారో ముక్కలు, వెండి ఉంగరాలు, ప్రతి వారం ఫోన్ తెరమీద కొత్త మంత్రం. పూజ మానేసి పూజ సామాను కొనడం మన ఇళ్లలో చూడనిదా? రెండోది, కలగాపులగం. ఇవాళ ఈజిప్టు దేవత ఐసిస్, రేపు గ్రీకు దేవత హెకటే, ఎల్లుండి కాళి. “మన కాళి గురించి ఎవరో టెక్సాస్ ఆవిడ నాకు వీడియోలో నేర్పుతోంది పిన్నీ” అని నవ్వింది మా పిల్ల. నాకు నవ్వు రాలేదు, ఆ వీడియోలో కాళి అంటే కోపం ఒక్కటేనట. ఇంటి దేవత కావాలంటే దానికి ఇంట్లోనే ఉంది, అందుకు విక్కా అక్కర్లేదు.

మరి ఏది మేలు? నన్నడిగితే ఏడాదిపాటు ఒంటరిగా మొదలుపెట్టమంటాను, ఒక షరతుతో. ఎనిమిది పండగలూ, పౌర్ణములన్నీ వదలకుండా చెయ్యాలి, కొత్త వస్తువు ఏదీ కొనకూడదు. చలికాలం పరీక్షల టెన్షన్‌లో కూడా డిసెంబర్‌లో వచ్చే యూల్ పండగ రాత్రి దీపం పెట్టగలిగితే దానికి కావలసింది మతమే. మూడో నెలకే మానేస్తే అది సరదా, తప్పేం లేదు. ఈలోగా దగ్గర్లో రిక్లెయిమింగ్ వాళ్ల బహిరంగ పూజ ఏదైనా ఉంటే ఒకటి రెండుసార్లు వెళ్లి రమ్మంటాను. ఆ తర్వాత కూడా చంద్రుణ్ణి దించే ఆ సంగతే లాగుతుంటే అప్పుడు కవెన్ వెతకాలి. అది పుస్తకంలో దొరకదు, ఒక్కరివల్ల అయ్యేదీ కాదు. గార్డ్నేరియన్లు దీక్షకు డబ్బు తీసుకోరు, ఎవరైనా రేటు చెబితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయాలి. దీక్షలో ఏమేం ఉంటాయో, బట్టల సంగతితో సహా, ముందే అడగాలి. జవాబు దాటవేసినా అంతే. వెళ్లిపోయినవాళ్ల గురించి ఎలా మాట్లాడుతున్నారో గమనించాలి, నాకు అన్నిటికన్నా ఆ చివరిది ముఖ్యం.

మా పిల్ల అప్పుడే సౌవెన్‌కి బల్ల సర్దుకుందట, మా అమ్మ ఫొటో పెట్టి. పోయినవాళ్లకు ఏం పెట్టాలో పుస్తకంలో రొట్టె, ఆపిల్ అని ఉంది, అమ్మమ్మ తింటుందా అని అడిగింది. పెత్తరమాసకి అమ్మ పేరున మేం ఏం వండుతామో చెప్పాను. గారెలకు మినప్పప్పు ఎంతసేపు నానబెట్టాలో రాసుకుని ఫోన్ పెట్టేసింది.