చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కొనాలా, టెంటు చాలా?

మైపాడు బీచ్, పెంచలకోన, భైరవకోన అంటూ తిరిగే మా ఇంట్లో నెలరోజులుగా ఇదే చర్చ.

ట్రైలర్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల పడక ఉండే బండి. అది ఉంటే నడుము నొప్పి ఉన్న అమ్మకు నేల మీద పడుకునే బాధ తప్పుతుంది. అది చిన్న సుఖం కాదు. కానీ మన కారు ఎంత బరువు లాగగలదో ముందు మాన్యువల్‌లో చూసుకోవాలి. సామానుతో కలిపి ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాన్ని కారుకు తగిలించే కొక్కెం మీద పడాలి. తక్కువైతే 16వ నంబరు హైవే మీద వేగంలో వెనకభాగం అటూ ఇటూ ఊగుతుంది, చాలా ప్రమాదం. రివర్స్ సంగతి ట్రాక్టర్ ట్రక్కు తోలినవాళ్లకు తెలుసు, స్టీరింగ్ ఒకవైపు తిప్పితే అది రెండోవైపు పోతుంది. రిజిస్ట్రేషన్ వేరే. ఉప్పుగాలికి తుప్పు.

టెంటు డిక్కీలో పడుతుంది, డీజిల్ ఖర్చు పెరగదు. మే ఎండల్లో మాత్రం లోపల ఉండలేం.

నెలకు మూడు నాలుగు రాత్రులు బయట గడిపేవాళ్లయితే ట్రైలరే కొనండి. మేం వెళ్లేది ఏడాదికి నాలుగుసార్లు. అందుకే మాకు టెంటు, అమ్మకు అద్దె గది.