కెర్నెల్ రిగ్రెషన్ల వేటలో గిట్ బైసెక్ట్: ఏళ్ళ తరబడి వాడాక

నిన్నటిదాకా బాగా నడిచిన లాప్‌టాప్, లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కొత్త వెర్షన్ వేయగానే స్లీప్‌లోకి వెళ్ళి ఇక లేవదు. పాత కెర్నెల్‌తో బూట్ చేస్తే ఏ గొడవా ఉండదు. ఇలాంటి రిగ్రెషన్ల (ముందు పనిచేసి, కొత్త వెర్షన్‌లో చెడినవాటి) కోసమే నేను ఎక్కువగా గిట్ బైసెక్ట్ వాడుతుంటాను. 2005లో, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ పుట్టిన ఏడాదే వచ్చిన పనిముట్టు ఇది. దాన్ని తప్పుపట్టడానికి నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. తంటా అంతా దానికి మనమిచ్చే జవాబులతోనే.

అది చేసే పని తేలికే. తొమ్మిది పది వారాలకొకటి చొప్పున వచ్చే రెండు వరుస వెర్షన్ల మధ్య పది వేలకు పైగా కమిట్లు (ఒక్కొక్కటీ నమోదైన ఒక కోడ్ మార్పు) ఉంటాయి. బైసెక్ట్ ప్రతిసారీ మధ్యలో ఉన్న కమిట్ తీసిస్తుంది. దాన్ని బిల్డ్ చేసి, బూట్ చేసి, గుడ్డో బ్యాడో చెప్పాలి. ఇలా సగానికి సగం కోసుకుంటూ పోతే 14 మెట్లలో నేరస్థుడు దొరుకుతాడు. డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటివి) ఇచ్చే కాన్ఫిగ్‌తో బిల్డ్ చేస్తే పాత మెషీన్ మీద గంటలు పడుతుంది కాబట్టి ముందు మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టండి. అయితే అది ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్ళనే (డ్రైవర్ల లాంటి కెర్నెల్ ముక్కలనే) ఉంచుతుంది. వైఫై డాంగిల్, పెన్‌డ్రైవ్, రోజూ వాడేవన్నీ ఒకసారి గుచ్చి మరీ కొట్టాలి. లేదంటే కొత్త కెర్నెల్ వాటిని గుర్తుపట్టదు.

అసలు చిక్కు అప్పుడప్పుడు మాత్రమే కనబడే బగ్‌లతో. కళ్ళముందు కనబడింది కాబట్టి బ్యాడ్ అన్న జవాబుకు తిరుగులేదు (మనం వెతికే బగ్గే అయితే. మధ్యలో వేరే బగ్ తగిలితే దాన్ని బ్యాడ్ అనకూడదు, స్కిప్ చెయ్యాలి). గుడ్ అన్నదానికి మాత్రం అంత భరోసా లేదు. నాలుగు సార్లకు ఒకసారి హ్యాంగయ్యే కెర్నెల్‌ని ఐదుసార్లు పరీక్షించి వదిలేస్తే, అది మంచిదానిలా తప్పించుకునే అవకాశం దాదాపు 24 శాతం. ఆ అవకాశం 1 శాతానికి దిగాలంటే 16 సార్లు పరీక్షించాలి. ఒక్క గుడ్ తప్పుగా పడినా ఆ తర్వాతి మెట్లన్నీ వృథా. చివర్లో ఏ సౌండ్ డ్రైవర్ కమిట్‌నో చూపిస్తుంది, దానికీ మీ సమస్యకూ సంబంధమే ఉండదు. అందుకే బైసెక్ట్ మొదలుపెట్టకముందే బగ్‌ని పిలిస్తే పలికేలా చేసుకోవడం మీద ఎంత సమయం పెట్టినా దండగ కాదు. స్లీప్ సమస్యలకు ఆర్‌టీసీవేక్ కమాండ్‌ని ఒక లూప్‌లో పెడతాను. అదే పడుకోబెట్టి, ఇరవై సెకన్లకు అదే లేపుతుంది. చేత్తో మూత మూసి తెరిచే బాధ లేదు.

లేవకపోతే డిస్క్‌లో లాగ్ కూడా మిగలదు. అలాంటప్పుడు కెర్నెల్‌లోనే పీఎం ట్రేస్ అనే సౌకర్యం ఉంది: ఎక్కడిదాకా వచ్చిందో మెషీన్ గడియారంలో గుర్తుగా రాసిపెడుతుంది. వెంటనే రీబూట్ చేసి డీమెసేజ్ (కెర్నెల్ సందేశాల లాగ్) చూస్తే ఏ డివైస్ దగ్గర ఆగిందో తెలియవచ్చు. బదులుగా తేదీ ఎక్కడికో ఎగిరిపోతుంది, బ్రౌజర్ సర్టిఫికెట్ల గురించి గోల పెడుతుంది. కంగారుపడకండి.

ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్ బగ్‌లైతే హాయి. క్యూఎంయూ అనే వర్చువల్ మెషీన్‌లో నడిచే టెస్ట్ స్క్రిప్ట్ రాసి బైసెక్ట్ రన్‌కి అప్పగించి పడుకోవచ్చు. స్క్రిప్ట్ 0 తిరిగిస్తే గుడ్, 1 ఇస్తే బ్యాడ్, 125 ఇస్తే స్కిప్. బిల్డ్ కాని కమిట్లకు ఆ 125 తప్పనిసరిగా పెట్టండి. స్కిప్‌లు మరీ ఎక్కువైతే మాత్రం చివర్లో ఒక్క కమిట్ కాక, ‘వీటిలో ఏదో ఒకటి’ అని జాబితా చేతిలో పెడుతుంది.

కమిట్ దొరికింది కదాని వెంటనే రిపోర్ట్ పంపకండి. తాజా మెయిన్‌లైన్ (డిస్ట్రో మార్పులేవీ లేని అసలు కెర్నెల్) మీద బగ్ ఇంకా ఉందో లేదో చూసి, ఆ ఒక్క కమిట్‌ని రివర్ట్ చేసి (వెనక్కి తీసేసి), బగ్ పోయిందో లేదో చూడాలి. డిస్ట్రో ప్యాచ్‌లు కలిసిన కెర్నెల్ మీద చూసిందయితే కెర్నెల్ డెవలపర్లు పట్టించుకోరు. ప్రొప్రైటరీ గ్రాఫిక్స్ డ్రైవర్ లోడైతే కెర్నెల్ టెయింటెడ్ అవుతుంది (కల్తీ అయిందని గుర్తు పడుతుంది), అది లేకుండా మళ్ళీ రప్పించి చూపించాలి. ఎవరికి రాయాలో గెట్ మెయింటెయినర్ స్క్రిప్ట్ చెబుతుంది. బగ్‌లు నమోదు చేసే వెబ్‌సైట్ అయిన కెర్నెల్ బగ్‌జిల్లాలో పెట్టి ఎదురుచూస్తే చాలా సబ్‌సిస్టమ్‌లలో ఎవరూ చూడరు, ఈమెయిలే గతి, అదీ ప్లెయిన్ టెక్స్ట్‌లో. కమిట్ రాసినవారిని కాపీలో పెట్టి, బైసెక్ట్ లాగ్ జతచేస్తే జవాబు వచ్చే తీరే వేరు. ‘నా లాప్‌టాప్ లేవడం లేదు’ అన్న రిపోర్ట్‌ని పక్కనపెట్టవచ్చు గానీ, ‘మీ ఈ కమిట్ తీసేస్తే లేస్తోంది’ అన్నదాన్ని పక్కనపెట్టడం కష్టం. పైగా వాడకందారుల మెషీన్ మీద పనిచేసేదాన్ని కొత్త కెర్నెల్ చెడగొట్టకూడదన్నది లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎప్పటినుంచో పట్టుబట్టే నియమం.

మొదటినుంచీ ఎన్నడూ పనిచేయని హార్డ్‌వేర్‌కి ఇది పనికిరాదు, గుడ్ అని చెప్పడానికి ఏదో ఒక పాత వెర్షన్ ఉండాలి కదా. ర్యామ్ మీద ఏమాత్రం అనుమానమున్నా ముందు ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి.