డిస్కుల్లేని ల్యాబ్‌కి ఐపీలు ఎవరివ్వాలి: మన సర్వరా, ఉన్న రౌటరా?

ద్వారకానగర్‌లో ఓ కోచింగ్ సెంటర్. హార్డ్‌డిస్కుల్లేని 30 మెషీన్లు, అన్నీ నెట్‌వర్క్ మీదే బూట్ అవ్వాలి. మేడ మీద ల్యాబ్, కింద ఓనరు గారి రౌటర్.

మొదటి దారి: రౌటర్‌లో డీహెచ్‌సీపీ (మెషీన్లకి ఐపీ అడ్రసులు పంచే ఏర్పాటు) ఆపేసి ఆ పనంతా మన సర్వర్‌కే అప్పగించడం. ఐపీ, బూట్ సర్వర్, మెషీన్ మొదట దింపుకునే బూట్ ఫైలు (డీహెచ్‌సీపీ జవాబులో ఆప్షన్లు 66, 67) ఒకేచోట రాసుకోవచ్చు. మ్యాక్ అడ్రసుకి (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) ఐపీ కట్టేస్తే 14వ సీటుది ఎప్పుడూ 114తో ముగిసే అడ్రసే. లాగ్ చూస్తే మొరాయించిందెవరో తెలిసిపోతుంది. ఐఎస్‌సీ సంస్థ పాత డీహెచ్‌సీపీ సర్వర్ ప్రోగ్రాంకి 2022లోనే మద్దతు ఆగింది కాబట్టి కొత్తగా పెట్టేవాళ్లు దాని బదులు వచ్చిన కియా చూడండి. చిక్కల్లా, సర్వర్ పడుకుంటే కొత్తగా వచ్చిన ఫోన్లకీ ఐపీ దొరకదు.

రెండోది ప్రాక్సీ డీహెచ్‌సీపీ. ఐపీ రౌటరే ఇస్తుంది, మన సర్వర్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాం పక్కన నిలబడి బూట్ ఫైలు సంగతి మాత్రమే చెబుతుంది. రౌటర్ పాస్‌వర్డ్ ఓనరు చేతిలో ఉన్న అద్దె కొంపల్లో నా ఓటు దీనికే. సర్వర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ పోర్టులు 67, 69తో పాటు 4011 కూడా తెరవాలి. అది మరిచి నేనో మధ్యాహ్నమంతా కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నా!

ఏ దారైనా పాత బయోస్ మెషీన్లకీ, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ మెషీన్లకీ ఒకే బూట్ ఫైలు ఇస్తే కుదరదు. మెషీన్ తన రకాన్ని ఆప్షన్ 93లో చెబుతుంది: 0 అంటే బయోస్, 7 అంటే 64 బిట్ యూఈఎఫ్‌ఐ. దాన్నిబట్టి ఫైలు మార్చాలి.

రౌటర్‌లో ఆపకుండానే మన సర్వర్‌లోనూ పూర్తి డీహెచ్‌సీపీ పెట్టారో, ఎవరు ముందు జవాబిస్తారో తెలీదు కాబట్టి పొద్దున బూటైన మెషీన్ సాయంత్రం మొండికేస్తుంది.